భూకంపానికీ భూకంపానికీ మధ్య ఎంత దూరం? కర్నూలు నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఉగాది వారం, 2025

మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూమి కదిలింది. కేంద్రం మాండలే పక్కనే. అక్కడికి దాదాపు వెయ్యి కి.మీ. దూరంలో ఉన్న బ్యాంకాక్‌లో, కడుతున్న పెద్ద భవనం ఒకటి కూలిపోయింది. పండగ పూట ఎవరింటికి వెళ్ళినా అదే మాట: "ఒకచోట వచ్చిందంటే వరసగా వస్తాయంట గదా, మనకెప్పుడో?"

ఈ భయాన్ని కొట్టిపారేయలేం. కర్నూల్లో నలభై దాటినవాళ్ళకు 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజాము గుర్తుంది. లాతూరు జిల్లా కిల్లారిలో ఆ రోజు వచ్చిన 6.2 భూకంపంలో పదివేల మంది దాకా చనిపోయారు. కిల్లారి మనకు సుమారు 300 కి.మీ. మయన్మార్ కేంద్రం సుమారు 2,000 కి.మీ. అయితే జనం అడిగే ఆ ప్రశ్నలో కొలవదగ్గ విషయం ఒకటుంది. ఒక భూకంపం వచ్చాక ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఇంకొకటి వస్తుంది. ఆ రెండింటి మధ్య దూరం ఎంత? అలాంటి వేల దూరాలు పోగుచేస్తే వాటిలో ఏదైనా వరస కనిపిస్తుందా? వరస కనిపిస్తే అది భూకంపాల మధ్య సంబంధమేనా, లేక వేరే కారణం ఉందా?

నేను పొలాలు కొలిచే సర్వేయర్‌ని. దూరాలంటే నా వృత్తి. మా చెల్లెలి కూతురు బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం. ఇద్దరం కలిసి ఈ లెక్క తేల్చాలనుకున్నాం.

ఏప్రిల్, డేటా

అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ ప్రపంచ భూకంపాల జాబితాను ఎవరికైనా ఉచితంగా ఇస్తుంది. 1990 నుంచి ఇప్పటిదాకా, తీవ్రత 5, ఆపైన ఉన్నవి అడిగాం. అంతకంటే చిన్నవి సముద్రాల మధ్యలో వస్తే చాలావాటిని యంత్రాలు పట్టుకోలేవు. ఒకచోట పట్టుకుని ఇంకోచోట వదిలేసిన జాబితాతో దూరాల లెక్క చేస్తే, మనకు కనిపించేది యంత్రాలు ఎక్కడున్నాయన్న సంగతే తప్ప భూకంపాలు ఎక్కడ వస్తున్నాయన్నది కాదు. ఆ సంస్థ చెప్పే సగటు ప్రకారం ఏడాదికి 5 నుంచి 5.9 దాకా సుమారు 1,300, ఆరు దాటినవి 130 పైచిలుకు, ఏడు దాటినవి 15, ఎనిమిది దాటింది ఒకటి. ఒక్కసారికి 20,000 వరుసలకు మించి ఇవ్వరు కాబట్టి కొన్నేళ్ళకొక ముక్క చొప్పున దింపుకుని అతికించాం.

ఫైలు తెరిచాక నా కళ్ళు మొదట దశాంశాల మీద పడ్డాయి. ఈ మధ్య ఏళ్ళ వరుసల్లో అక్షాంశం, రేఖాంశం నాలుగు దశాంశాల దాకా ఉన్నాయి. డిగ్రీలో నాలుగో దశాంశమంటే నేల మీద సుమారు 11 మీటర్లు. పొలాలు కొలిచే యంత్రం టోటల్ స్టేషన్‌తో పనిచేసేవాడికి 11 మీటర్లు అంటే చాలా పెద్ద తేడా, గట్టు అవతలి మనిషి పొలంలోకి వెళ్ళిపోతాం. కానీ అదే వరుసలో ఇంకాస్త కుడివైపు జరిగితే అడ్డంగా ఉండే పొరపాటు ఎంతో చెప్పే గడి ఉంటుంది. అందులో ఐదు, ఏడు, పది కి.మీ. లాంటి అంకెలున్నాయి. అంటే కేంద్రం ఎక్కడో కి.మీ. లెక్కలోనే తెలుసు, మిగిలిన దశాంశాలు కంప్యూటర్ రాసినవి. ఈ గడిని చాలామంది చూడకుండా దాటేస్తారు. నన్నడిగితే ఫైలు మొత్తంలో ముందుగా చదవాల్సింది అదే. పది కి.మీ. కంటే దగ్గరి దూరాల గురించి ఈ జాబితాతో ఏమీ అనకూడదని ఆ రోజే రాసిపెట్టుకున్నాం.

లోతు గడి ఇంకా విచిత్రంగా ఉంది. కిందికి జరుపుకుంటూ పోతే 10, 10, 10 అని వరసగా వస్తుంది. పాత ఏళ్ళలో 33, 33. లోతు సరిగా తేలనప్పుడు అక్కడి శాస్త్రవేత్తలు ఒక అంకెను స్థిరంగా పెట్టి మిగతా లెక్క పూర్తిచేస్తారు. ఒకప్పుడు 33 పెట్టేవారు, తర్వాత 10. అది కొలిచిన లోతు కాదు. మరోపక్క పసిఫిక్ దీవులైన ఫిజీ, టోంగా కింద నిజంగానే చాలా లోతున వచ్చేవి ఉన్నాయి. 2018 ఆగస్టు 19న ఫిజీ దగ్గర వచ్చిన 8.2 భూకంపం లోతు దాదాపు 600 కి.మీ. దాని మీద సరిగ్గా పైన, పది కి.మీ. లోతున ఇంకోటి వస్తే మ్యాపు మీద రెండింటి మధ్య దూరం సున్నా! అందుకే లోతు 70 కి.మీ. దాటినవాటిని వేరే ఫైలులో పెట్టాం. ఈ డైరీలో ఉన్నదంతా పైపొర భూకంపాల లెక్క.

ఏప్రిల్ చివర, ముందు ఉత్త గోళం

పొలం కొలిచేటప్పుడు భూమి బల్లపరుపుగా ఉందనే అనుకుంటాం, తప్పు లేదు. ఇక్కడ కుదరదు. వ్యాసార్థం 6,371 కి.మీ. ఉన్న గోళం మీద హావర్‌సైన్ సూత్రంతో దూరం తీయాలి. అతి దూరంగా ఉండగల రెండు చోట్ల మధ్య 20,015 కి.మీ.

అసలు డేటా ముట్టుకోకముందే మేనకోడలు పాప ఒక షరతు పెట్టింది: "మామా, ఏ సంబంధమూ లేకుండా గోళమంతా ఇష్టమొచ్చినట్టు చుక్కలు చల్లితే దూరాలు ఎట్లుంటాయో ముందు చూద్దాం. అది తెలీకుండా మిగతాది చూసి లాభం లేదు."

చుక్కలు చల్లడంలో ఒక మెలిక ఉంది. అక్షాంశాన్ని -90 నుంచి 90 దాకా సమానంగా ఎంచితే ధ్రువాల దగ్గర చుక్కలు గుంపు కడతాయి, ఎందుకంటే అక్కడ గోళం వైశాల్యం తక్కువ. అక్షాంశం సైన్ విలువను -1 నుంచి 1 దాకా సమానంగా ఎంచాలి. దీని వెనకున్నది ఆర్కిమెడిస్ కనిపెట్టిన విషయం: గోళాన్ని ఒకే మందంతో అడ్డంగా ముక్కలు కోస్తే, నడిమి ముక్కయినా చివరి ముక్కయినా బయటి వైశాల్యం ఒక్కటే. రెండు వేల ఏళ్ళు దాటిన ఆ మాట రెండు లైన్ల కోడ్‌లో పనిచేస్తుంటే చూడటం నాకు చాలా సంతోషం.

ఆ సూత్రంతోనే జవాబు కాగితం మీద కూడా వస్తుంది. సంబంధం లేని జతల్లో వెయ్యి కి.మీ. లోపు ఉండేవి 0.6 శాతం. వంద కి.మీ. లోపు ఉండేవి లక్షకు ఆరు. ఇక అన్ని జతల్లో సరిగ్గా సగం 6,670 నుంచి 13,340 కి.మీ. మధ్యే పడతాయి. ఈ చివరి మాట అందరికీ చెప్పాలనిపిస్తుంది. "భూకంపాలు ఎప్పుడూ ఎనిమిది, పది వేల కి.మీ. దూరంలో జంటగా వస్తున్నాయి, గమనించారా?" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌కు జవాబు ఇదే. ఇష్టమొచ్చినట్టు రెండు చోట్లు తీసుకుంటే సగంసార్లు ఆ మేర దూరమే రావడం గోళం లక్షణం. దానికి భూకంపాలే అక్కర్లేదు.

మే, అసలు జాబితా

ఎండ 43 దాటిన రోజుల్లో పగలు ఫీల్డుకి పోయే పని లేదు. ల్యాప్‌టాప్ వేడెక్కకుండా రాత్రిళ్ళు నడిపాం. 50,000 భూకంపాలుంటే జతలు దాదాపు 125 కోట్లు. ప్రతి దూరాన్నీ దాచుకుంటే ఒక్కోదానికి ఎనిమిది బైట్ల చొప్పున 10 జీబీ మెమరీ కావాలి, మా దగ్గర లేదు. దాచుకోవాల్సిన అవసరమూ లేదు. 50 కి.మీ.కు ఒకటి చొప్పున నాలుగు వందల గడులు పెట్టుకుని, దూరం రాగానే ఆ గడిలో ఒకటి కలిపి మర్చిపోతే సరిపోతుంది.

వచ్చిన హిస్టోగ్రామ్ (ఏ గడిలో ఎన్ని జతలు పడ్డాయో చూపే స్తంభాల పటం) ఉత్త గోళానికి దగ్గరగా కూడా లేదు. సున్నా పక్కనే నిటారుగా లేచిన స్తంభం. వంద కి.మీ. లోపు జతలు లక్షకు ఆరు ఉండాల్సింది, అంతకు ఎన్నో రెట్లున్నాయి. తర్వాత దిగుతుంది. నడుమ నునుపైన ఒంపు ఉండాల్సిన చోట ఎత్తుపల్లాలు. ఆ ఎత్తుపల్లాల్లో ప్రతిదానికీ మ్యాపులో కారణం దొరుకుతుంది. పెద్ద భూకంపాల్లో దాదాపు 80 శాతం పసిఫిక్ చుట్టూ ఉన్న పట్టీలోనే వస్తాయి. చుక్కలన్నీ గోళం చుట్టూ ఒకే ఒక మహావృత్తం మీద ఉన్నాయనుకుంటే దూరాల హిస్టోగ్రామ్‌లో ఒంపే ఉండదు, చదునుగా వస్తుంది. 6,670 నుంచి 13,340 మధ్య సగానికి బదులు మూడో వంతే పడతాయి. అసలు ప్రపంచం ఆ చదునుకీ గోళం ఒంపుకీ మధ్య ఉంది. భూకంపాలు ఎక్కువగా వచ్చే భూఫలకాల (భూమి పైపొర ముక్కల) అంచులు వంకర గీతలు కాబట్టి ఆ వంకరలే ఎత్తుపల్లాలుగా కనిపిస్తున్నాయి. 20,000 కి.మీ. దగ్గర కూడా కొన్ని జతలున్నాయి. సుమత్రాకు భూగోళం అవతలి వైపు సరిగ్గా ఎదురుగా ఉండే చోటు ఈక్వడార్ తీరానికి ఎదురుగా సముద్రంలో పడుతుంది. అటూ ఇటూ భూకంపాల సీమే. వాటి మధ్య ఏదో లంకె ఉందనడానికి అదొక్కటే చాలదు.

దగ్గరి దూరాలను లాగరిథమ్ కాగితం (ఎన్ని రెట్లన్నది గీత వాలుగా కనిపించే కాగితం) మీద చూశాం. దూరాన్ని రెట్టింపు చేస్తే ఆ లోపు పడే జతలు ఎన్ని రెట్లవుతాయి? నేలంతా పరుచుకుని ఉంటే నాలుగు రెట్లు, గీత మీద ఉంటే రెండు రెట్లు కావాలి. మాకు వచ్చింది ఆ రెంటికీ మధ్యలో. కాగన్, నాపాఫ్ అనే ఇద్దరు 1980లోనే భూకంపాల జతలను ఇలా లెక్కపెట్టారు. భూకంపాలు గీత మీదా కాదు, నేలంతా కాదు. పగులు, పగులు పక్కన చిన్న పగులు, దాని పక్కన ఇంకా చిన్నది అన్నట్టు పరుచుకున్నాయి. మా గీత పది, పదిహేను కి.మీ. దగ్గర వంగిపోయింది. ఏప్రిల్‌లో రాసిపెట్టుకున్న పొరపాటు గడి చెప్పినట్టే.

జూన్, తర్వాతది ఎక్కడ?

ఇప్పటిదాకా కాలాన్ని పట్టించుకోలేదు. అసలు ప్రశ్న వరసగా వచ్చిన రెండింటి గురించి. జాబితాను తేదీల ప్రకారం పెట్టి, ఒక్కో భూకంపం నుంచి దాని వెనకే వచ్చినదానికి దూరం తీశాం.

ఆ దూరాలను దేనితో పోల్చాలి? గోళంతో పోలిస్తే ఫలకాల మ్యాపే మళ్ళీ కనిపిస్తుంది. చోట్లను అలాగే ఉంచి వరసను మాత్రం పేక ముక్కలు కలిపినట్టు కలిపేయాలి. అప్పుడు మ్యాపు చెక్కుచెదరదు, ముందూ వెనకా అన్న సంబంధం మాత్రం పోతుంది. రాత్రంతా కలిపి చూద్దామని నేను సిద్ధమవుతుంటే పాప ఆపింది.

"మామా, సగటు కోసం కలపాల్సిన పనే లేదు. కలిపేశాక పక్కపక్కన పడే రెండూ ఏ రెండైనా కావచ్చు. అంటే వాటి దూరాలు సగటున అన్ని జతల దూరాల్లాగే ఉండాలి. అది మే నెలలో చేసేశాం గదా."

నిజమే. 125 కోట్ల జతల హిస్టోగ్రామే మాకు కావాల్సిన కొలబద్ద. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇది. కలపడం ఇంకా అవసరమే, కానీ సగటు చుట్టూ ఊగిసలాట ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి మాత్రమే.

వరస దూరాల హిస్టోగ్రామ్‌ను జతల హిస్టోగ్రామ్‌తో గడి గడికీ భాగించాం. సంబంధం లేకపోతే ప్రతిచోటా ఒకటి రావాలి. మొదటి కొన్ని గడుల్లో ఒకటి కంటే చాలా ఎక్కువ, తర్వాత వేగంగా పడిపోయి, వెయ్యి కి.మీ. దాటాక ఒకటి కంటే కొంచెం కింద దాదాపు సమంగా సాగింది. ఆ "కొంచెం కింద" అన్నదాన్ని చూసి దూరపు భూకంపాలు ఒకదాన్నొకటి వద్దంటున్నాయని అనుకోకూడదు. మొత్తం వందే. దగ్గర ఎక్కువ పడితే దూరాన ఆ మేరకు తగ్గాల్సిందే. వెయ్యి కి.మీ. లోపువి తీసేసి మిగిలినవాటినే మళ్ళీ వందకు లెక్కేస్తే గీత పైకొచ్చి ఒకటి చుట్టూ తిరిగింది.

దగ్గర పడేవి ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు, అనంతర ప్రకంపనలు. 1891 నోబి భూకంపం తర్వాత రోజురోజుకీ వాటి సంఖ్య ఎలా తగ్గుతుందో 1894లో జపాన్ శాస్త్రవేత్త ఒమోరి సూత్రం రాశారు. పెద్ద భూకంపాలు కూడా ఇలా దగ్గర దగ్గరగా వస్తాయి. 2012 ఏప్రిల్ 11న హిందూ మహాసముద్రంలో 8.6 వచ్చిన రెండు గంటలకే సుమారు 180 కి.మీ. దూరంలో 8.2. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో 7.8 వచ్చాక తొమ్మిది గంటలకు, వంద కి.మీ. లోపే 7.5.

జూలై మొదట్లో, ఎనిమిది వేల కి.మీ. దగ్గర మిట్ట

ఒక్కో ఏడాదిని విడదీసి చూస్తే 2011 వేరుగా ఉంది. దూరంగా, సుమారు 7,900 కి.మీ. దగ్గర ఒక మిట్ట. మిగతా ఏళ్ళలో అంత లేదు. జపాన్ నుంచి టోంగాకు దూరం అంతే. జపాన్ కదిలితే టోంగా కదులుతుందా?

మార్చి 11, 2011న జపాన్ తోహోకు తీరంలో వచ్చిన పెద్ద భూకంపం తర్వాతి వరుసలను కంటితో చదివాం. తోహోకు, తోహోకు, తోహోకు, టోంగా, తోహోకు, తోహోకు, మధ్యలో ఇండోనేషియా, మళ్ళీ తోహోకు. కారణం అక్కడే ఉంది. టోంగా ఎప్పటిలాగే తన మానాన తాను కదులుతోంది. కానీ ఆ వారాల్లో దానికి ముందూ తోహోకే, వెనకా తోహోకే. ఒక్క టోంగా భూకంపానికి 7,900 కి.మీ. రెండుసార్లు నమోదవుతుంది. టోంగా ఎప్పుడూ చురుగ్గా ఉండే చోటు కాబట్టి ఆ గడి నిండిపోతుంది. లెక్క తప్పు కాదు, టోంగాకు జపాన్‌తో ప్రత్యేక సంబంధమూ లేదు. దూరాల పట్టిక మాత్రమే చూసి, వరుసలు చదవకపోతే ఇక్కడే మోసపోతాం.

నిజంగా దూరం నుంచి ప్రేరణ ఉంటే వేరే ఆనవాలు ఉండాలి. ఉపరితల తరంగాలు సెకనుకు మూడున్నర నుంచి నాలుగు కి.మీ. వేగంతో పోతాయి, గంటన్నరలో భూమికి అవతలి చివర చేరతాయి. అడ్డంగా సమయం, నిలువుగా దూరం పెట్టి చుక్కలు గీస్తే ఆ వేగంతో ఏటవాలు గీత కనిపించాలి. మా చిత్రంలో గీత కనిపించలేదు. దీన్నిబట్టి అలాంటిది అసలు లేదనడానికి వీల్లేదు. 1992లో కాలిఫోర్నియాలోని లాండర్స్ భూకంపం 1,250 కి.మీ. దూరంలోని ఎల్లోస్టోన్‌లో చిన్న ప్రకంపనలు రేపింది. అవి మా 5 గీతకు చాలా కింద. 2012 నాటి 8.6 తర్వాత కొన్ని రోజులు ప్రపంచమంతా 5.5 దాటినవి పెరిగాయని నేచర్ పత్రికలో వచ్చింది. అంతకు ముందు ఏడాది పార్సన్స్, వెలాస్కో ముప్పై ఏళ్ళ జాబితా పరిశీలించి, పెద్ద భూకంపం తర్వాత 5 నుంచి 7 మధ్యవి పెరగడం దాని పగులు పొడవుకు రెండు మూడు రెట్ల దూరంలోనే ఆగిపోతోందని తేల్చారు. మా గీత వెయ్యి కి.మీ. దగ్గర చదునుకావడం దానికి సరిపోతోంది.

జూలై 30

తెల్లవారుజామున 4:54కి రష్యా తూర్పు చివర కమ్చట్కా తీరంలో 8.8. మధ్యాహ్నానికి "రష్యా నుంచి మనకు వస్తుందా" అని ఫోన్లు మొదలయ్యాయి. ఈసారి లెక్క చేతిలో ఉంది. కర్నూలుకు సుమారు 8,100 కి.మీ., మయన్మార్ కేంద్రానికి 6,360. రెండూ సాదా దూరాలే. అక్కడి నుంచి ఇక్కడికి ప్రమాదం పెరిగిందనడానికి మా గీతలో ఏ ఆధారమూ లేదని చెప్పాను. కిల్లారి లాంటిది ఇక్కడి రాతి సొంత పగుళ్ళ వల్ల వస్తే వస్తుంది, కమ్చట్కా వల్ల కాదు.

జాబితాలో అసలు చూడాల్సింది పదిరోజులు వెనక ఉంది. జూలై 20 ఆదివారం, అదే తీరంలో 7.4. దగ్గరి దూరం, తక్కువ వ్యవధి. ఆ రోజు అది అందరికీ ప్రధాన భూకంపమే. 8.8 వచ్చాకే అది ముందస్తు ప్రకంపన అయింది. కాలిఫోర్నియాకు యూఎస్‌జీఎస్ చెప్పే అంచనా ప్రకారం ఒక భూకంపం తర్వాత వారంలోపు దగ్గర్లోనే దానికంటే పెద్దది వచ్చే అవకాశం సుమారు 5 శాతం. దగ్గర ఉన్నవాళ్ళు పట్టించుకోవాల్సిన అంకె ఇది. 1952 నవంబర్ 4న అదే తీరంలో 9.0 వచ్చిందని కూడా గుర్తుంచుకోవాలి.

ఆగస్టు

కమ్చట్కా అనంతర ప్రకంపనలు జాబితాను నింపేస్తున్నాయి. 2011లో చూసిన ఆటే మళ్ళీ: ఈసారి టోంగా మిట్ట 8,400 కి.మీ. దగ్గర పడాలి, పడుతోంది.

అనంతర ప్రకంపనలను తీసేసి చూద్దామని 1974 నాటి గార్డ్‌నర్, నాపాఫ్ పట్టిక వాడాం. ఒక భూకంపం తర్వాత ఎంత దూరంలో, ఎన్ని రోజుల్లోపు వచ్చినవాటిని దాని అనంతర ప్రకంపనలుగా లెక్కించాలో అది చెబుతుంది. తీవ్రత 6కి 54 కి.మీ., 510 రోజులు; 8కి 94 కి.మీ., 985 రోజులు. దీనితో దగ్గరి స్తంభం చాలా తగ్గింది. అయితే అది దక్షిణ కాలిఫోర్నియాకు కట్టిన పట్టిక. కమ్చట్కాలో పగిలిన పొడవే కొన్ని వందల కి.మీ.; 94 కి.మీ. వృత్తంలో అది ఎక్కడ పడుతుంది? పెద్దవాటి చుట్టూ ప్రకంపనలు వృత్తం బయట మిగిలిపోతున్నాయి. 2004 సుమత్రా పగులు సుమారు 1,300 కి.మీ., దానికైతే ఈ పట్టిక అసలు చాలదు.

అందుకని ఇప్పుడు బయేసి, పాచుస్కీ 2004లో ఇచ్చిన పద్ధతికి మారుతున్నాం. అందులో ముందే గీసిన వృత్తం ఉండదు. ప్రతి భూకంపానికీ, అంతకు ముందొచ్చిన ప్రతిదానికీ మధ్య కాలాన్ని దూరపు ఘాతంతో గుణించి, ముందుదాని తీవ్రతకు తగ్గట్టు భాగిస్తారు. వచ్చిన విలువ అన్నిటికంటే తక్కువగా ఉన్నదే దాని తల్లి. ఈ కొలతలో 8.8, అదే చోట అదే సమయానికి వచ్చిన 5.8 కంటే వెయ్యి రెట్లు దగ్గరైనట్టు లెక్క. దూరానికి పెట్టాల్సిన ఘాతం మే నెలలో లాగరిథమ్ కాగితం మీద తీసిన వాలే. మొదటి చిత్రంలో రెండు దిబ్బలు విడివిడిగా వచ్చాయి, ఒకటి గుంపులది, ఒకటి ఒంటరివాటిది. రెంటి మధ్య లోయను ఎక్కడ తెంచాలో పాప సెమిస్టర్ పరీక్షలయ్యాక కూర్చుంటాం. లోతు 70 దాటినవాటి ఫైలు కూడా అప్పుడే తెరవాలి.